ఇప్పపువ్వు తిండా, మందా, సారానా? ఒకే చెట్టు చుట్టూ ఇంత తికమక ఎందుకు

2025 మార్చి 30న మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ ఆదిలాబాద్ జిల్లాలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇప్పపువ్వుతో రకరకాల వంటకాలు చేస్తున్నారని చెప్పారు కదా, అప్పట్నుంచి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇప్పపువ్వు మీద ఫార్వర్డులే ఫార్వర్డులు. ఒకరేమో రక్తం పట్టడానికి దీన్ని మించింది లేదంటారు, ఇంకొకరు షుగర్ ఉన్నవాళ్లకి మంచిదంట అని పెడతారు, మా బాబాయ్ ఒకాయన మాత్రం "అది సారా కాసే పువ్వురా, ఇంట్లో పెట్టుకుంటే ఎక్సైజోళ్లు వస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది, కానీ ఒకరు చెప్పేది పువ్వు గురించి, ఇంకొకరు చెప్పేది బెరడు గురించో నూనె గురించో, బాబాయ్ చెప్పేది పులిసి బట్టీ ఎక్కాక వచ్చేదాని గురించి. అన్నిటికీ పేరు మాత్రం "ఇప్ప" ఒకటే. అందుకే ఈ చెట్టు విషయంలో మంచిదా చెడ్డదా అని అడిగే ముందు ఏ భాగం, ఏ దశలో అని అడగాల్సి వస్తుంది. అలా విడదీసుకుంటూ పోతే సగం గొడవలు వాటంతటవే సర్దుకుంటాయి, మిగతా సగం మాత్రం నిజంగానే చిక్కు గొడవలు.

పేరు దగ్గరే మొదలయ్యే తికమక

తెలుగులో ఇప్ప, విప్ప రెండూ అంటారు. తమిళంలో ఇలుప్పై, కన్నడంలో ఇప్పె లేదా హిప్పె, గోండీలో ఇరుప్, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. హిందీ మహువా మాత్రం సంస్కృతం మధూకం నుంచి వచ్చింది. పేపర్లో "మహువా పూలు" అని చదివి ఇదేదో ఉత్తరాది చెట్టు అనుకునేవాళ్లు ఉన్నారు, అది మన ఇప్పే.

అసలు చిక్కు సంస్కృతం పేరుతో వస్తుంది. మధూకం, దీర్ఘంతో రాస్తే ఇప్ప. మధుకం, హ్రస్వంతో రాస్తే అతిమధురం, అంటే యష్టిమధు, దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే ఆ తియ్యటి వేరు. రెండూ తియ్యనివే, రెండూ ఆయుర్వేదంలో ఉన్నవే, మధ్యలో తేడా ఒక్క కొమ్ము పొడుగు. ఫోన్లో తెలుగు టైప్ చేసేటప్పుడు ఆ దీర్ఘం ఎగిరిపోతే అతిమధురం గుణాలన్నీ ఇప్పపువ్వు ఖాతాలో పడిపోతాయి. నాకొచ్చిన ఒక ఫార్వర్డులో "కడుపులో అల్సర్‌కి మధుకం" అని రాసి పక్కన ఇప్పపువ్వు ఫోటో పెట్టారు, అది చూసాకే ఈ గందరగోళం ఎక్కడ్నుంచి వస్తోందో అర్థమైంది.

ఇంకోటి కూడా ఉంది. పుస్తకాల్లో కొన్నిట్లో మధూకా లాంగిఫోలియా అని, కొన్నిట్లో మధూకా లాటిఫోలియా అని, ఇంకొన్నిట్లో మధూకా ఇండికా అని కనపడుతుంది. ఇప్పుడు ఎక్కువమంది దీన్ని ఒకే జాతి, అందులో రెండు రకాలు అన్నట్టు చూస్తున్నారు. సన్నటి పొడుగాకు ఉన్నది ఎక్కువగా దక్షిణాన, వెడల్పాకు ఉన్నది ఆదిలాబాద్ నుంచి పైకి మధ్య భారతం అంతా. తినడానికి, నూనెకి రెండూ ఒకటే పద్ధతి, కాబట్టి ఈ పేర్ల తేడా చూసి రెండు వేర్వేరు చెట్లేమో అని కంగారు పడక్కర్లేదు.

అడవిలో ఇది ఇప్పేనని ఎలా తెలుస్తుంది

పువ్వులున్నప్పుడు ఎవరైనా గుర్తుపడతారు, మార్చి ఏప్రిల్‌లో తెల్లారుజామున చెట్టు కింద నేలంతా లేత పసుపు ముత్యాలు పోసినట్టుంటుంది, వాసన యాభై అడుగుల దూరం నుంచే తగులుతుంది. ఆ వాసన గురించి ఒక మాట చెప్పాలి, మల్లెపువ్వు వాసనలా ఉంటుందనుకుంటే పొరపాటు, కొంచెం బెల్లంపాకం, కొంచెం తడిసిన గోనెసంచి, చివర్లో ఏదో పులిసిన వాసన. కొందరికి అస్సలు పడదు.

మిగతా పది నెలలూ చెట్టుని గుర్తుపట్టడమే కష్టం. ఆకులు కొమ్మంతా ఉండవు, కొమ్మ చివర్లలో గుత్తుగా పుడతాయి. కానీ ఇదొక్కటే చూసుకుంటే తాని చెట్టుని కూడా ఇప్ప అనుకుంటారు, ఎందుకంటే త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ చెట్టుకి కూడా ఆకులు కొమ్మ చివరే గుంపుగా ఉంటాయి, మన వీధుల్లో ఉండే బాదం చెట్టుకి కూడా అంతే. ఇక్కడ పాలు తేలుస్తాయి. ఇప్ప ఆకు తుంచితే తొడిమ దగ్గర తెల్లటి పాలు వస్తాయి, తానికీ బాదానికీ రావు. ఇప్ప సపోటా కుటుంబం చెట్టు, సపోటా కాయ కోస్తే చేతికంటుకునే జిగురు ఉంటుందే, ఇది కూడా ఆ వరసే. పొగడ, పాలపండ్ల చెట్టు కూడా ఈ కుటుంబంలోవే.

సరే పాలొస్తే ఇప్ప అనేసుకుందామా అంటే అదీ కుదరదు, పాలు కారే చెట్లు మన దగ్గర బోలెడు, అందులో పచ్చగన్నేరు లాంటి పచ్చి విషాలు కూడా ఉన్నాయి. మర్రి, మేడి, రావి, జువ్వి అన్నిటికీ పాలుంటాయి, వాటికి కొమ్మ మీద ఆకు ఊడిన చోట చుట్టూ గాజు తొడిగినట్టు ఒక గీత ఉంటుంది, ఇప్పకి అది ఉండదు. కొడిసపాల, పాలకొడిస చెట్లకి ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, ఇప్పకి అలా రావు. ఏడాకులపాలకి ఆకులన్నీ గొడుగు పుల్లల్లా ఒకే చోట నుంచి చుట్టూ వస్తాయి. అంటే ఒక్క గుర్తుతో ఏదీ తేలదు, కొమ్మ చివర గుత్తి, తెల్లపాలు, ఆకులో ఈనెలు దువ్వెన పళ్లలా వరసగా స్పష్టంగా కనపడటం, లేత మొగ్గల మీద తుప్పు రంగు నూగు, ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే అప్పుడు ఇప్ప. ఆ తుప్పురంగు నూగు నాకు బాగా నమ్మకమైన గుర్తు, వేలితో రాస్తే ముఖమల్ గుడ్డలా తగులుతుంది, పువ్వు రాలిపోయాక కూడా తొడిమ మీద అది మిగిలే ఉంటుంది.

కాలాన్ని బట్టి చెట్టు వేషం మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మాఘం ఫాల్గుణంలో ఆకు రాలుస్తుంది, దాదాపు బోడిగా ఉన్నప్పుడే పువ్వు పూస్తుంది, పువ్వు అయిపోతుండగా రాగి రంగులో కొత్తాకు వస్తుంది. జూన్, జులైకల్లా కోడిగుడ్డంత లేదా కాస్త చిన్నగా ఆకుపచ్చ కాయలు. అదే చెట్టుని ఫిబ్రవరిలో చూసి, ఆగస్టులో మళ్లీ చూస్తే వేరే చెట్టు అనుకోవడం మామూలే.

నేల మీద దొరికేది పువ్వు మొత్తం కాదు

ఇప్ప కథలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. మనం "పువ్వు ఏరుతారు" అంటాం కానీ ఏరేది పువ్వులో ఒక భాగం మాత్రమే. రాలిన దాన్ని ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి, చిన్న కుండలా కండ పట్టి ఉంటుంది, ద్రాక్షపండుని నొక్కినట్టు మెత్తగా, పైన చిన్న నోరు. ఆ నోట్లోంచి లోపలికి చూస్తే గోడలకి అతుక్కుని ఇరవై పైచిలుకు సన్నటి కేసరాలు, జీలకర్ర గింజల్లా. అడుగున ఏమీ ఉండదు, ఖాళీ, అక్కడొక చిల్లు. ఆ చిల్లు ఏంటంటే, కాయగా మారాల్సిన అండాశయం, దాని మీద పుప్పొడి అందుకునే పొడుగాటి కాడ, అంటే కీలం, ఉండాల్సిన చోటు. అవి రెండూ రాలలేదు, పైన కొమ్మ మీద తుప్పురంగు గిన్నెలో భద్రంగా ఉన్నాయి. తలెత్తి చూస్తే పువ్వు ఊడిన ప్రతి తొడిమ చివర సన్నటి దారంలా కీలం వేలాడుతూ కనపడుతుంది.

ఇంకా గమ్మత్తు ఏంటంటే ఆ కీలం మొగ్గ విచ్చుకోకముందే బయటికి తోసుకొచ్చి పుప్పొడి కోసం రెడీగా ఉంటుంది. రాత్రిపూట పెద్ద గబ్బిలాలు ఈ తియ్యటి కండ తినడానికి వస్తాయి, చెట్టు నుంచి చెట్టుకి తిరుగుతూ పుప్పొడి అంటిస్తాయి. తెల్లారేసరికి చెట్టు తన పని అయిపోయిన భాగాన్ని కిందికి వదిలేస్తుంది. మనుషులు ఏరుకునేది దాన్ని.

కాబట్టి "పువ్వులన్నీ ఏరేస్తే చెట్టుకి కాయలెలా కాస్తాయి" అన్న ప్రశ్న వినడానికి లాజికల్‌గానే ఉన్నా ఇక్కడ వర్తించదు. మామిడి పూతని దులిపేస్తే కాయ పోతుంది, ఇప్పపువ్వు ఏరితే కాయ పోదు. అదే చెట్టు ఏప్రిల్‌లో పువ్వు ఇస్తుంది, జులైలో గింజ ఇస్తుంది, ఆదివాసీ ఇళ్లకి ఒకే చెట్టు నుంచి రెండు పంటలు రావడం వెనకున్న సీక్రెట్ ఇదే. కొమ్మలు విరిచి, కర్రలతో బాది దులిపితే మాత్రం విచ్చుకోని మొగ్గలూ రాలతాయి, అప్పుడు నష్టమే, కానీ ఏరేవాళ్లు అలా చేయరు, రేపటి పువ్వు ఇవాళ రాల్చుకుని ఏం లాభం.

చెట్లు తగ్గిపోతున్నాయన్న భయం వేరే చోట నిజం. పువ్వు ఏరడం వల్ల కాయ తగ్గదు సరే, తర్వాత గింజ కూడా ఏరేస్తాం, మిగిలిన మొలకని పశువులు మేస్తాయి లేదా నిప్పుకి పోతుంది, పైగా ఇప్పగింజ ఎక్కువ రోజులు దాస్తే మొలకెత్తే గుణం పోతుంది, రాలిన కొన్ని వారాల్లోనే నేలలో పడాలి. అందుకే చేలల్లో చూస్తే పెద్ద పెద్ద ముసలి ఇప్పచెట్లు ఉంటాయి, ఎనిమిది పదేళ్ల కుర్ర చెట్టు కనపడటం అరుదు.

ఆకుల కింద పెట్టే నిప్పు గొడవ

ప్రతి ఎండాకాలం అడవిలో మంటలు లేచినప్పుడల్లా ఇప్పపువ్వు ఏరేవాళ్ల పేరు వస్తుంది. ఎందుకంటే పువ్వు రాలే టైముకి చెట్టు కింద ఎండుటాకు మోకాలి ఎత్తు ఉంటుంది, ఆ ఆకులో పువ్వు కనపడదు, కనపడినా ఏరడానికి నాలుగింతల టైము పడుతుంది, అందుకని చెట్టు కింద ఆకుని ముందే కాల్చి నేల శుభ్రం చేసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. అటవీ శాఖ వాళ్లు చెప్పేది ఏంటంటే ఆ నిప్పు చెట్టు కిందే ఆగదు, గాలికి అంటుకుని కొండంతా పాకుతుంది, మొలకలు పోతాయి. ఏరేవాళ్లు చెప్పేది ఏంటంటే మేం చుట్టూ ఊడ్చి గీత గీసి కాలుస్తాం, మా చెట్టుని మేం కాల్చుకుంటామా, మంటలకి బీడీ ముక్కలూ, తునికాకు కోసం పెట్టే నిప్పులూ ఇంకా సవాలక్ష కారణాలున్నాయి, ప్రతిసారీ మా పేరే ఎందుకు అని.

రెండు వైపులా విన్నాక నాకనిపించేది, గీత గీసి కాల్చేవాళ్లూ ఉన్నారు, పొద్దెక్కాక అంటించి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు, అడవి మంటకి మాత్రం ఆ ఒక్కడు చాలు. చెట్టు కింద నైలాన్ వల కట్టడమో పాత చీరలు పరచడమో చేస్తే నిప్పు అవసరమే ఉండదు, పువ్వుకి మట్టి కూడా అంటదు, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లో ఇలా వల కట్టి తీసిన పువ్వుని తినే సరుకుగా వేరే రేటుకి కొంటున్నారు. కాకపోతే వలకి డబ్బు కావాలి, పది చెట్లున్న ఇంటికి పది వలలు, పైగా ఆ ఎక్కువ రేటు ఇచ్చే కొనుగోలుదారు మన సంతకి రావాలి కదా.

తెల్లారుజామున వెళ్లడం వెనక ఇంకో లెక్క ఉంది. ఆలస్యమైతే పశువులు, జింకలు తినేస్తాయి, మరీ ముందు వెళ్తే ఎలుగుబంటి ఉంటుంది. ఎలుగులకి ఇప్పపువ్వు అంటే ప్రాణం, అడవి ఊళ్లలో ఈ సీజన్‌లో ఎలుగు దాడులు ఎక్కువ వినపడటానికి కారణం ఇదే, ఇద్దరికీ అదే చెట్టు, అదే టైము. గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లేది అందుకే.

పది కిలోల పచ్చిపువ్వు ఎండాక ఎంతవుతుంది

పచ్చిపువ్వులో ఎక్కువ శాతం నీళ్లే. నేల మీద చాపేసి మూడు నాలుగు రోజులు ఎండబెడితే లేత పసుపు పోయి ఇటుక రంగుకి, తర్వాత ఎండుద్రాక్ష రంగుకి వస్తుంది, బరువు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే పది కిలోలు ఏరితే చేతికొచ్చేది రెండు, రెండున్నర కిలోలు. ఇది తెలియక సంతలో ఎండుపువ్వు రేటు చూసి "అడవిలో ఊరికే దొరికేదానికి ఇంత రేటా" అనేవాళ్లకి ఆ ఒక్క కిలో వెనక నాలుగు కిలోల వంగి లేవడాలున్నాయని గుర్తు చేయాలి.

రేటులో ఇంకో మెలిక. ఏప్రిల్‌లో అందరి దగ్గరా పువ్వు ఉంటుంది, ఇంట్లో డబ్బు ఉండదు, దాచడానికి చోటు ఉండదు, వానాకాలం వస్తే తేమకి బూజు పడుతుంది. ఉదాహరణకి ఒక ఇల్లు వంద కిలోలు కిలో 30కి అమ్మిందనుకుందాం, మూడు వేలు వచ్చాయి. అదే ఇల్లు దీపావళికి పండక్కో పెళ్లికో పది కిలోలు కావాలని సంతకెళ్తే కిలో 50 అంటారు, ఐదొందలు పోయాయి, తాము మూడొందలకి అమ్ముకున్న సరుకే అది. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, ఏడాదికేడాది మారతాయి, కానీ అమ్మినోళ్లే మళ్లీ కొనుక్కోవడం మాత్రం మధ్య భారతం అడవి ఊళ్లన్నిట్లో పాత కథే. గిరిజన సహకార సంస్థ, మనవాళ్లు జీసీసీ అంటారు, 1956లో పెట్టింది ఇలాంటి దళారీ బేరాల నుంచి తప్పించడానికే. 2013–14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర స్కీము తెచ్చింది, ఇప్పపువ్వు, ఇప్పగింజ రెండూ అందులో ఉన్నాయి. కాగితం మీద రేటు ఉండటం వేరు, పువ్వు ఎండిన వారంలో ఊరికి కాంటా రావడం వేరు.

లడ్డూలో ఎంత పువ్వు, ఎంత చక్కెర

తమిళంలో ఒక సామెత ఉంది, చెరుకు గానుగ లేని ఊరికి ఇలుప్పై పువ్వే చక్కెర అని. సైన్సు కూడా అదే చెప్తుంది, ఎండు ఇప్పపువ్వు బరువులో సగం పైనే చక్కెరలు, ప్రోటీన్ చాలా తక్కువ, కొవ్వు దాదాపు లేనట్టే. అడవిలో ఎండుద్రాక్ష అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. బియ్యం అయిపోయిన నెలల్లో దీన్ని ఉడకబెట్టి, జొన్నలతోనో చింతగింజలతోనో కలిపి తిని బతికిన రోజులున్నాయి, అందుకే గూడేల్లో పెద్దవాళ్లు దీన్ని పువ్వులా కాదు, తిండిగింజలా చూస్తారు. కోయ గూడేల్లో ఇప్పపూల పండగ చేసాకే ఆ ఏడు కొత్తపువ్వు ముట్టుకోవాలనే ఆచారం ఉండటం కూడా అందుకే, కొత్త బియ్యానికి ఎంత మర్యాదో దీనికీ అంతే.

ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళల సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూ బాగా పేరు తెచ్చుకుంది. లడ్డూలో పువ్వుతో పాటు బెల్లం, పల్లీలు, నువ్వులు లాంటివి పడతాయి. షుగర్ వాళ్ల ప్రశ్న ఇక్కడ లెక్కేసి చూద్దాం. ముప్పై గ్రాముల లడ్డూ అనుకోండి, అందులో పది గ్రాములు పువ్వు, పది గ్రాములు బెల్లం, మిగతా పది పల్లీ నువ్వులు. పువ్వు నుంచి ఐదారు గ్రాముల చక్కెర, బెల్లం నుంచి తొమ్మిది దాకా, మొత్తం పద్నాలుగు పదిహేను గ్రాములు, అంటే మూడు నాలుగు టీస్పూన్లు. నేచురల్ అయినంత మాత్రాన గ్లూకోజ్ మీటర్ దాన్ని చూసీ చూడనట్టు వదలదు. "షుగర్‌కి మంచిది" అన్న మాట బెరడు కషాయం మీద జంతువుల్లో చేసిన ప్రయోగాల నుంచి జారి పువ్వు మీద పడింది, బెరడుకీ లడ్డూకీ సంబంధం లేదు.

రక్తహీనత సంగతి అంత సులభంగా కొట్టిపారేయలేం, ఒప్పేసుకోనూలేం. పువ్వులో ఐరన్ కొంత ఉంది, కానీ నువ్వుల్లో, పల్లీల్లో, బెల్లంలో కూడా ఉంది, లడ్డూ తిన్న పిల్లకి రక్తం పెరిగితే మార్కులు ఎవరికి వేయాలి? పైగా సరిగ్గా తిండి లేని పిల్లకి రోజూ ఒక లడ్డూ దొరకడమే పెద్ద మార్పు. లడ్డూ మంచి తిండి అనడానికి ఇది చాలు, పువ్వు మందు అనడానికి ఇది చాలదు.

కేసరాల సంగతి మర్చిపోకూడదు. పోయినేడు సిటీలో ఒక షాపులో ఆర్గానిక్ అని రాసి ఉన్న ప్యాకెట్ కొన్నాను, ఇంటికొచ్చి నానబెడితే గిన్నె అడుగున ఇసుక, పైన తేలుతూ ఆ జీలకర్ర లాంటి కేసరాలు, నోట్లో పెట్టుకుంటే గొంతులో గరగర. గూడెంలో అయితే ఎండాక చేటలో వేసి అరచేత్తో రుద్ది, చెరిగి కేసరాలు తీసేసి గానీ వంటకి వాడరు. ప్యాకెట్ వాళ్లకి ఆ పని దండగనిపించినట్టుంది.

అదే చెట్టు గింజ: నూనె తింటారు, గానుగ చెక్క చేపల్ని చంపుతుంది

జులైలో కాయ పండుతుంది. పైకండ తియ్యగా ఉంటుంది, పచ్చికాయ పైభాగం కొన్ని చోట్ల కూర వండుతారు. లోపల గోధుమరంగులో నున్నగా మెరిసే గింజలు, సపోటా గింజకి పెద్దన్నలా ఉంటాయి. గింజ పగలగొట్టి పలుకు ఎండబెట్టి గానుగాడితే ఇప్పనూనె వస్తుంది, పలుకు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా కొవ్వే. చలికాలంలో ఈ నూనె గడ్డకట్టి నెయ్యిలా అవుతుంది, అందుకే కొన్నిచోట్ల వెన్న అని కూడా అంటారు. దీపాలకి, ఒంటికి, సబ్బుల తయారీకి, ఆదివాసీ ఇళ్లలో వంటకి కూడా వాడతారు, పచ్చి నూనెకి కొంచెం చేదు ఉంటుంది, బాగా కాగబెట్టి ఆ చేదు విరిచి వాడతారు.

నూనె తీసాక మిగిలే చెక్కలో మాత్రం సపోనిన్లు అనే పదార్థాలు నిండుగా ఉంటాయి, కుంకుడుకాయ నురుగుకి కారణం కూడా ఆ జాతి పదార్థాలే. అందుకే తమిళనాడులో ఇలుప్పై పిండితో తలంటుకునేవారు. పశువులకి ఇది నేరుగా పెట్టరు. మన ఆక్వా రైతులకి అయితే ఇది బాగా తెలిసిన సరుకు, చేపపిల్లలు వదిలే ముందు చెరువులో కొర్రమీను, జెల్ల లాంటి పిల్లల్ని తినే చేపల్ని తీసేయడానికి వేస్తారు. పుస్తకాల లెక్క హెక్టారుకి రెండు నుంచి రెండున్నర టన్నులు, అంటే ఎకరా చెరువుకి దాదాపు టన్ను. సపోనిన్ చేప మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలు పగలగొడుతుంది, రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి అదే చెక్క చెరువుకి ఎరువవుతుంది. ఇంకో వింత, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో గోల్ఫ్ మైదానాల గడ్డిలో వానపాముల్ని బయటికి రప్పించడానికి ఇదే చెక్క ఇక్కడ్నుంచి తెప్పించుకునేవాళ్లు.

కాబట్టి "ఇప్ప తినొచ్చు" అన్న మాట పువ్వుకి, పండు కండకి, కాచిన నూనెకి సరే, గింజ పలుకుని పల్లీలా నమలడానికి సరికాదు. ఒకే గింజలోంచి తినే కొవ్వూ, చేపల్ని చంపే చెక్కా రెండూ వస్తాయి.

మందు అన్నప్పుడు ఏ మందు

ఇక్కడ మూడు రకాల మాటలు కలిసిపోతాయి. మొదటిది ఇంటివైద్యం: దగ్గుకి పాలల్లో ఉడికించిన పువ్వు, బాలింతకి పాలు పడటానికి పువ్వు, కీళ్లనొప్పులకి గోరువెచ్చటి నూనె, చిగుళ్లకి బెరడు కషాయం పుక్కిలించడం. తరాలుగా వాడుతున్నారు, నూనె మర్దన లాంటి వాటిల్లో పెద్ద ప్రమాదం లేదు. రెండోది ఆయుర్వేదం: మధూకాసవం అని ఈ పువ్వు పులియబెట్టి చేసే ఆసవం ఉంది, జీర్ణానికి సంబంధించిన జబ్బులకి వాడతారు, బాబాయ్ వింటే నవ్వుతాడేమో, మందు పేరుతో ఉన్నా అది కూడా పులిసిన ఇప్పపువ్వే. మూడోది ల్యాబ్: ఎలుకల్లో బెరడు సారం నొప్పి తగ్గించింది, ఆకు సారం కాలేయాన్ని కాపాడింది లాంటి పరిశోధనలు చాలా ఉన్నాయి, కానీ సారం అంటే కిలోల ఆకుని ఆల్కహాల్‌లోనో వేరే ద్రావకంలోనో తీసి గాఢం చేసింది, ఎలుక బరువుకి ఇంత అని కొలిచి ఇచ్చింది. అది మనిషికి అదే పని చేస్తుందని చెప్పడానికి కావాల్సిన పెద్ద పరీక్షలు వేరు.

ఫార్వర్డు రాసేవాళ్లు చేసేది ఏంటంటే మొదటి దానిలోని వాడకం, రెండో దానిలోని శ్లోకం, మూడో దానిలోని ఎలుక, మూడింటినీ ఒక పేరాలో కుక్కడం.

సారా, గుడుంబా, చట్టం

ఎండుపువ్వుని నీళ్లలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిచ్చి, కుండ మీద కుండ పెట్టి బట్టీ పడితే ఇప్పసారా. గోండు, కోయ ఇళ్లలో పుట్టుకకి, పెళ్లికి, చావుకి, దేవుడికి ముందు నేల మీద నాలుగు చుక్కలు వదలందే పని మొదలవదు. మైదాన ప్రాంతాల గుడుంబా దీనికి చుట్టం కూడా కాదు, అది నల్లబెల్లంతో చేసేది, తొందరగా పులియడానికి నవసాగరం లాంటివి కలిపేది. రెంటినీ "నాటుసారా" అని ఒకే గాటన కట్టడం వల్ల గుడుంబా మీద కోపం ఇప్పపువ్వు మీదికి మళ్లింది. అలాగని ఇప్పసారా అమాయకమైనదేం కాదు, అదీ మద్యమే, అలవాటైతే ఇల్లు గుల్లవుతుంది, దాని మీద ఆదివాసీ ఆడవాళ్లే గొడవపడ్డ ఊళ్లున్నాయి.

చట్టం ఈ పువ్వు వెంట పడటం బ్రిటిష్ వాళ్ల కాలం నుంచే ఉంది. బొంబాయి ప్రభుత్వం 1892లో ఏకంగా మహువా చట్టం అని ఒకటి తెచ్చి ఠాణే, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరడం, నిల్వ పెట్టడం మీదే ఆంక్షలు పెట్టింది. సారా అంటే ఎక్సైజ్ ఆదాయం కదా, ఇంట్లో ఊరికే కాచుకుంటే సర్కారుకి పైసా రాదు. పువ్వుని తిండిగా తినేవాళ్లకి అది తిండి మీద ఆంక్షే అయింది. ఆ ఆలోచన తర్వాత చాలా రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనల్లోకి దిగింది, పువ్వు ఇంతకి మించి దాచకూడదు, లైసెన్సు లేకుండా తరలించకూడదు అన్న రూల్స్ అక్కడివే. బాబాయ్ భయం గాల్లోంచి పుట్టింది కాదు.

ఇంకో వైపు 1996 నాటి పీసా చట్టం, అంటే పంచాయతీరాజ్‌ని ఆదివాసీ ప్రాంతాలకి విస్తరించిన చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, మత్తు పదార్థాలని నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఏరడం, వాడుకోవడం, అమ్ముకోవడం హక్కు అంటుంది. ఎక్సైజ్ రూలు ఒక వైపు, ఈ రెండు చట్టాలు ఇంకో వైపు. ఉట్నూరులో తన చెట్టు కింద ఏరుకున్న ఆదివాసీ మహిళకి ఉన్న హక్కు, అదే పువ్వుని క్వింటాళ్లలో లారీకెక్కించే వ్యాపారికి లేదు, సిటీలో అరకిలో లడ్డూ కొనుక్కున్న మనకి ఆ గొడవే లేదు, లడ్డూ కొన్నందుకు ఎవరూ ఇంటికి రారు. సారా కాయడం మాత్రం వేరే కేసు, అక్కడ ఎక్సైజ్ చట్టం నేరుగా తగులుతుంది, ఆచారం అని చెప్పుకోవడానికి ఎవరికి ఎంత వరకు వీలుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఈ మధ్య రాష్ట్రాల దారులు కూడా వేరవుతున్నాయి. మహారాష్ట్ర 2021లో పువ్వు ఏరడం, దాచడం, రాష్ట్రం లోపల తరలించడం మీద ఉన్న ఆంక్షలు ఎత్తేసింది. అదే ఏడు నవంబర్‌లో మధ్యప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ సంప్రదాయ మహువా సారాని హెరిటేజ్ లిక్కర్‌గా చట్టబద్ధం చేస్తామని ప్రకటించారు, తర్వాత స్వయం సహాయక సంఘాలతో తయారీ మొదలైంది. దీని మీద కూడా ఒకటే అభిప్రాయం లేదు, కాచేవాడికి దొంగతనం ముద్ర పోయి ఆదాయం వస్తుందని కొందరంటారు, లైసెన్సు, బాటిలు, పన్ను అన్నీ వచ్చాక గూడెంలో కుండతో కాచే ముసలమ్మ మాత్రం ఎప్పట్లాగే చట్టానికి బయటే మిగిలిపోతుందని ఇంకొందరంటారు. ఆదిలాబాద్ జిల్లా సరిహద్దులో పెన్‌గంగకి ఈ ఒడ్డున తెలంగాణ, ఆ ఒడ్డున మహారాష్ట్ర, రెండు వైపులా ఒకే గోండు చుట్టరికాలు, ఒకే ఇప్పచెట్లు, పువ్వు రాలేది కూడా ఒకే వారంలో. సంచిలో వేసుకుని నది దాటితే మాత్రం రూలు మారిపోతుంది.